నూనె ఆరేదాకా

బొమ్మలు వేయడం కొత్తగా నేర్చుకునేవారు మనిషి ముఖానికి పూనుకుంటే మొట్టమొదట తప్పు జరిగేది కంటి దగ్గర. కనుగుడ్డు తెల్లగా ఉంటుందని ఊహ తెలిసిన నాటి నుంచీ తెలుసు కనుక, ట్యూబులోంచి తెల్లరంగు తీసి నేరుగా అక్కడ పూసేస్తారు. ఆ మరుక్షణమే కాన్వాసు మీది పెద్దమనిషి దెయ్యాన్ని చూసినట్టు గుడ్లు మిటకరిస్తాడు. నిజానికి పైరెప్ప నీడలో ఉండే ఆ తెల్లగుడ్డు బూడిదరంగులో ఉంటుంది. ముక్కు వైపు మూలన కాస్త ఎర్రజీర ఉంటుంది. గుండ్రటిది కనుక వెలుగుకు దూరమయ్యేకొద్దీ మరింత మసకబారుతుంది. మొత్తం కంట్లో అచ్చమైన తెలుపు అంటూ ఉంటే అది నల్లగుడ్డు మీద ఆవగింజలో సగం ఉండే మెరుపు ఒక్కటే. అదైనా కంటి సొంతం కాదు, ఎదుటి కిటికీది.

తైలవర్ణాల్లో నిండైన రూపచిత్రం వేయడం నేర్చుకోవడమంటే ఇలా తెలిసిన సంగతులను ఒక్కొక్కటిగా వదిలించుకోవడం. ఉద్యోగ విరమణ తర్వాత కుంచె పట్టినవారికీ, సెలవు రోజున కంప్యూటరు మూసి ఈజిల్ ముందు నిలబడేవారికీ ఈ పాఠం ఒకేలా ఎదురవుతుంది. చెట్టు వేస్తే కొమ్మ ఎటు వంగినా చెట్టు నొచ్చుకోదు. కొండ వేస్తే శిఖరం అటూ ఇటూ జరిగినా అడిగేవారుండరు. మనిషి ముఖంలో పెదవి మూల నూలుపోగంత పైకి పోతే చాలు, గంభీరంగా ఉండే హెడ్మాస్టారు వెటకారంగా నవ్వుతున్నట్టు అయిపోతాడు.

ముఖమంటే కళ్లు, ముక్కు, నోరు అని మనసు ఏనాడో తీర్మానించుకుంది. అందుకే చేయి వాటినే పెద్దవి చేసి, మిగతాదంతా ఖాళీ జాగా అన్నట్టు కుదించేస్తుంది. నడినెత్తి నుంచి గడ్డం కొస దాకా కొలిస్తే కళ్లు దాదాపు సరిగ్గా సగంలో ఉంటాయి. చెబితే నమ్మరు. అద్దం ముందు నిలబడి స్కేలు పెట్టుకుని చూశాకే ఒప్పుకుంటారు. రెండు కళ్ల నడుమ ఇంకో కన్ను పట్టేంత చోటు, కనుబొమ నుంచి ముక్కు కొస దాకా చెవి అంటూ ఈ లెక్కలన్నీ పుస్తకాల్లో ఉంటాయి, బట్టీపట్టవచ్చు. కానీ పోలిక సగటులో ఉండదు. ఆ ఒక్క మనిషి సగటు నుంచి ఎటు, ఎంత తప్పుకున్నాడన్న దానిలో ఉంటుంది. కుంచె ముఖం చూడని తల్లి కూడా వీధి మొదట్లో వస్తున్న కొడుకును ముక్కూ మూతీ కనపడక ముందే పోల్చుకుంటుంది. మెడ మీద తల నిలిచిన తీరు, ఒక భుజం వాలు, నడకలో తూగు ఆమెకు చాలు. చిత్రకారుడూ ముందు అక్కడే వెతకాలి. తల మొత్తం ఆకారం, వెలుగు పడిన భాగం ఒక ముద్ద, నీడ పడిన భాగం ఒక ముద్ద. ఆ రెండు ముద్దలు కుదిరితే కనురెప్పలు వేయకముందే మనిషి కనిపిస్తాడు. అవి కుదరకపోతే కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టి వేసినా మనిషి రాడు.

ఈ చూపు అలవడటానికి పాతకాలం నుంచీ కొన్ని ఉపాయాలున్నాయి. కళ్లు చికిలించి చూడటం వాటిలో ముఖ్యమైనది. అలా చూస్తే చిల్లర వివరాలు చెరిగిపోయి వెలుగునీడలే మిగులుతాయి. బొమ్మను అద్దంలో చూసుకోమని లియొనార్డో డావిన్చి తన రాతల్లో సలహా ఇచ్చాడు. కుడి ఎడమలు తారుమారైన బొమ్మ పరాయివాడు వేసినదిలా కనిపించి, పరాయివాడి తప్పులు మనకు వెంటనే దొరికినట్టు మన తప్పులూ దొరుకుతాయి. బొమ్మను తలకిందులు చేసి పెట్టడం మరొకటి. ఇక వెనక్కి నడవడం. ఎదుటి మనిషిని, కాన్వాసును పక్కపక్కన పెట్టి, పది అడుగుల దూరం నుంచి రెంటినీ ఒకే చూపులో పోల్చి, చూసింది చెదిరిపోకముందే ముందుకు వచ్చి ఒక్క గీత పెట్టి, మళ్లీ వెనక్కి పోవడం. అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ జీవితమంతా ఇలా నడుస్తూనే వేశాడు. ముఖచిత్రం కూర్చుని చేసే పని అనుకునేవారు ఒక పూట ఈ విధంగా ప్రయత్నిస్తే సాయంత్రానికి మోకాళ్లు సంగతి చెబుతాయి.

పని వరుస కూడా తెలుసుకోవలసిందే. ముందు బొగ్గుపుల్లతో గీత. తర్వాత అంబర్ అనే ముదురు మట్టిరంగును టర్పెంటైన్‌లో పల్చగా కలిపి కాన్వాసు మీద రుద్ది, వెలుగు పడేచోట గుడ్డతో తుడిచేయడం. రంగులే లేకుండా మట్టి చాయలోనే ముఖం గుండ్రంగా నిలబడాలి. అది నిలిచాకే రంగుల మాట. అదైనా బోలెడు ట్యూబులు పిండనక్కర్లేదు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుతో నాలుగు రంగుల పాలెట్ ఒకటి నేటికీ బడుల్లో నేర్పుతున్నారు. తెలుపు, పసుపుమట్టి, ఇంగిలీకపు ఎరుపు, నలుపు. నీలం లేదు. అయినా పసుపు, ఎరుపు చాయల పక్కన తెలుపూ నలుపూ కలిపిన బూడిద పెడితే కంటికి నీలంగానే తోస్తుంది. రంగు ట్యూబులో ఉండదని, పక్కనున్న రంగును బట్టి పుడుతుందని తెలియజెప్పడానికి ఇంతకంటే చౌక పాఠం లేదు.

ఇంతకీ తైలవర్ణాలే ఎందుకు? నీటిరంగు నిమిషాల్లో ఆరిపోతుంది. యూరప్‌లో ఒకప్పుడు వాడిన గుడ్డుసొన రంగూ అంతే. చెంప మీద వెలుగు నీడలోకి మెల్లగా కరిగే చోటును సన్నని గీతలు పక్కపక్కన గీసి సాధించేవారు. అవిసె నూనెలో నూరిన రంగు అలా కాదు. నిజం చెప్పాలంటే అది ఆరదు, ముదురుతుంది. నీరు ఆవిరైపోయినట్టు నూనె ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టి పొరగా మారుతుంది. ఆ క్రమంలో బరువు కూడా కొంత పెరుగుతుంది. పల్చటి పూత చేతికి అంటకుండా ఉండటానికి కొన్ని రోజులు పడుతుంది. మందంగా పూస్తే పైన పాల మీద మీగడలా పొర కడుతుంది, లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. అందుకే కింది పొరల్లో నూనె తక్కువ, పైపొరల్లో ఎక్కువ ఉండాలన్నది ఈ విద్యలో మొదటి నియమం. దాన్ని తప్పితే పైది ముందు బిగుసుకుని, కిందది ఇంకా కదులుతూ, ఏ పదేళ్లకో ముఖం నిండా బీటలు. రంగు రంగుకూ తేడా ఉంది. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి చప్పున ఆరుతుంది. ఐవరీ బ్లాక్ ఒక పట్టాన ఆరదు. తలపాగా నీడకు కింది పొరలోనే దట్టంగా నలుపు వేసినవారికి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

తైలవర్ణం యూరప్ సొత్తు అని, పదిహేనో శతాబ్దంలో చిత్రకారుడు వాన్ ఐక్ కనిపెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు. అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ గుహల్లో ఏడో శతాబ్దం నాటి బౌద్ధ చిత్రాల్లో గసగసాల నూనె, అక్రోటు నూనె వంటివి వాడినట్టు 2008లో పరిశోధకులు తేల్చారు. వాన్ ఐక్ గొప్పతనానికి దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు. ఉన్న నూనెతో ఎవరూ చేయనంత పని చేయించినవాడు ఆయన. అయినా బుద్ధుడి బొమ్మ ముందుగా ఆ నూనెలో తడిసిందని వింటే మనసుకు ఎక్కడో చిన్న తృప్తి.

ఈ ఆలస్యమే నేర్చుకునేవాడికి అసలు గురువు. నిన్న వేసిన చెంప ఇవాళ ఇంకా తడిగానే ఉంటుంది. పొద్దున కొత్త కళ్లతో చూస్తే తప్పు తెలుస్తుంది, కత్తితో గీకి మళ్లీ వేయవచ్చు. ఆరిపోయినా దాని మీద మరో పొర వేయవచ్చు. దిద్దుకోవడానికి ఇంత చోటిచ్చే మాధ్యమం చిత్రకళలో మరొకటి లేదు. ఆ చోటును వాడుకోనివారి మీద తీర్చుకునే పగ కూడా అంత నెమ్మదైనదే. లండన్ రాయల్ అకాడమీకి తొలి అధ్యక్షుడైన జాషువా రేనాల్డ్స్, చెంపల కోసం వెలిసిపోయే లక్క ఎరుపును వాడాడు. ఆయన బతికుండగానే ఆయన వేసిన ముఖాలు పాలిపోవడం మొదలైంది.

మన దేశంలో ఈ విద్యను పట్టినవారిలో పెద్దపేరు రాజా రవివర్మ. ఆయన ఎలా నేర్చుకున్నాడన్నది ఆయన వేసిన బొమ్మలంత ఆసక్తికరం. 1848లో కిలిమానూరులో పుట్టిన రవివర్మను పద్నాలుగేళ్ల వయసులో మేనమామ తిరువనంతపురం తీసుకువెళ్లాడు. తిరువాన్కూరు కొలువులో తైలవర్ణాలు తెలిసిన చిత్రకారుడు రామస్వామి నాయకర్ అప్పటికే ఉన్నాడు. పోటీకి వస్తాడనుకున్నాడో ఏమో, ఆ కుర్రవాడికి నేర్పడానికి ఒప్పుకోలేదు. 1868లో యూరప్ నుంచి థియోడర్ జెన్సన్ అనే చిత్రకారుడు రాజు, రాణుల బొమ్మలు వేయడానికి వచ్చాడు. ఆయనా నేర్పనన్నాడు. వేస్తుంటే చూడటానికి మాత్రం అనుమతించాడని జీవితచరిత్రకారులు చెబుతారు.

చూడటం! దొర ఏ రంగు ఎందులో కలుపుతున్నాడో, ఎక్కడ ఆగుతున్నాడో, ఎన్నిసార్లు చెరుపుతున్నాడో చూసి, ఇంటికి వచ్చి తన చేత్తో తిరిగి చేయాలి. అడగడానికి లేదు. తప్పితే తప్పిందని చెప్పేవారు లేరు. గురువు నోరు తెరవకపోవడం ఆ శిష్యుడికి నష్టమే అయినా, తైలవర్ణం విషయంలో ఆ నష్టం కొంత పూడుతుంది. గురువుగారు పూసిన పొర మర్నాటికి ఎలా మారిందో కూడా చూడవచ్చు కదా. రెండేళ్లు తిరిగేసరికి 1870లో కాలికట్‌లో కిళక్కె పాలాట్ కృష్ణమేనోన్ కుటుంబ చిత్రాన్ని డబ్బు తీసుకుని వేశాడు. 1873లో మద్రాసులో పసిడి పతకం, అదే ఏడాది వియన్నాలో బహుమతి. ఆ తర్వాత మైసూరు, బరోడా, ఉదయపూర్ సంస్థానాల వారు ఒకరి వెంట ఒకరు పిలిచారు. 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక ఆయన లక్ష్మీ సరస్వతులు తెలుగిళ్ల దేవుడి గూళ్లకూ చేరారు. మనకు ఆయన దేవతల చిత్రకారుడు. ఆయనకు కూడు పెట్టింది మాత్రం ఎక్కువగా మనుషుల ముఖాలే.

ముఖానికి వెలుగు కావాలి. నేర్చుకునే పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీ దగ్గర కూర్చోబెట్టమంటాయి. ఎండ నేరుగా పడని దిక్కు కనుక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీడలు కదలవని. ఆ పుస్తకాలు రాసినవారు లండన్‌లోనో పారిస్‌లోనో ఉండేవారు. మన దగ్గర సూర్యుడి దారి వేరు. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, తిరుపతిలో ఇంకా ఎక్కువ రోజులు. వేసవి సెలవుల్లో నేర్చుకుందామని పుస్తకంలో చెప్పినట్టు ఉత్తరం కిటికీ దగ్గర కుర్చీ వేసిన మనవడు, తాతగారి చెంప మీద పాకుతున్న ఎండపొడను చూసి పుస్తకాన్ని తిట్టుకుంటాడు. తెల్ల పంచె ఒకటి కిటికీకి తెరగా కట్టుకుంటే సరిపోతుంది.

ఎండకు మించిన చిక్కు మేనిచాయది. రంగుల దుకాణంలో ‘ఫ్లెష్ టింట్’ అని ఒక ట్యూబు అమ్ముతారు. పిండితే లేత గులాబి. అది ఏ తెలుగువాడి చర్మం రంగూ కాదు. పాశ్చాత్య పాఠాల్లో చెప్పిన మోతాదుల ప్రకారం కలిపితే మన మనుషులంతా జ్వరం తగిలినవారిలా కనిపిస్తారు. పోనీ ముదురు చేద్దామని అందులో నలుపు కలిపితే బొగ్గుమసి పూసినట్టవుతుంది. చామనచాయకు కావాల్సింది నలుపు కాదు, కాల్చిన మట్టిరంగులు. పసుపుమట్టి, కావి, అంబర్, కొద్దిగా నీలం. మరో విశేషం, ముదురు చాయ మీద మెరుపు ఎర్రగా, వెచ్చగా ఉండదు, చల్లగా ఉంటుంది. నుదుటి మీద, చెంప ఎముక మీద కిటికీలోని ఆకాశం నీలపు జాడతో వాలుతుంది. నల్లని మనిషి ముఖంలో ఇన్ని రంగులున్నాయా అని, వేసేవాడు మొదటిసారి నివ్వెరపోయేది అక్కడే.

ఈ పాఠానికి మేటి ఉదాహరణ ఒక స్పెయిన్ చిత్రకారుడి చేతిలో పుట్టింది. 1650లో రోము నగరంలో పోప్ పదో ఇన్నోసెంట్ బొమ్మ వేయడానికి ముందు, చేయి సానపెట్టుకోవడానికి డియేగో వెలాస్కెజ్ తన దగ్గర బానిసగా ఉన్న సహాయకుడు హువాన్ దె పరేహాను నిలబెట్టి వేశాడని ఆనాటి సంగతులు రాసినవారు చెబుతారు. గోధుమవన్నె మనిషి. బూడిదరంగు దుస్తులు, మెడ చుట్టూ తెల్లని లేసు పట్టీ, ఛాతీ మీదుగా అడ్డంగా పెట్టిన చేయి. రాజులకు మాత్రమే కుదిరే నిలుపు అది. నుదుటి మీద వెలుగు తప్ప ముఖమంతా మట్టిచాయలే. అందులో ఎక్కడా గులాబి పులుముడు లేదు. ఆ ఏడాదిలోనే పరేహాకు స్వేచ్ఛనిస్తూ వెలాస్కెజ్ పత్రం రాసిచ్చాడు. ఆ పని బొమ్మకంటే ముందే చేసి ఉండాల్సిందన్నది వేరే సంగతి. ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

మన దగ్గరైతే పరేహాకు కూడా ‘కాస్త చాయ పెంచండి’ అన్న సిఫారసు వచ్చి ఉండేది. బొమ్మ వేయించుకునేవారు అడిగే మొదటి కోరిక అదే. రెండోది, ‘ముడతలు అంతగా వద్దు.’ పోయిన పెద్దాయన బొమ్మ అయితే మూడోది కూడా ఉంటుంది. పెద్దకొడుకు నాన్న కోపంగా ఉండేవారంటాడు, చిన్నకూతురు ఎప్పుడూ నవ్వేవారంటుంది. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఉన్నదేమో ఒకే ముఖం, దానికి ఉన్నదీ ఒకే నోరు.

వేయించుకున్నవారి, చూసినవారి అలక పెద్దపెద్దవారినీ వదల్లేదు. 1884లో పారిస్ ప్రదర్శనలో సార్జెంట్ పెట్టిన ఓ సంపన్న మహిళ చిత్రంలో గౌను పట్టీ ఒకటి భుజం మీది నుంచి జారి ఉంది. ఊరంతా గోల. మేడమ్ ఎక్స్ అన్న పేరుతో ఆ బొమ్మను ఇప్పుడు చూసేవారికి పట్టీ భుజం మీదే కనిపిస్తుంది. తైలవర్ణం ఇచ్చే వెసులుబాటుతో ఆయన తర్వాత దిద్దేశాడు. 1954 నవంబరు 30న చర్చిల్ ఎనభయ్యో పుట్టినరోజుకు బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు బహూకరించిన గ్రాహమ్ సదర్లాండ్ చిత్రానికి ఆ అదృష్టమూ లేదు. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్న ముసలి సింహాన్ని ఉన్నదున్నట్టు వేశాడు సదర్లాండ్. చర్చిల్‌కు అది సుతరామూ నచ్చలేదు. ఆయన భార్య దాన్ని నాశనం చేయించిందని ఆమె మరణం తర్వాతే లోకానికి తెలిసింది. వీరిలో తప్పెవరిదని తీర్పు చెప్పడం కష్టం. కానీ చిత్రకారుడి పక్షాన ఒక్కమాట చెప్పాలి. ఎదుటివారి ముఖాన్ని గంటల తరబడి చూసినవాడికి వారి గురించి వారికి తెలియనిది కొంత తెలుస్తుంది. తెలిసినదంతా వేయాలా అన్నది మర్యాదకు సంబంధించిన ప్రశ్న. తెలియనిది వేయకూడదన్నది మాత్రం వృత్తిధర్మం.

కొలువు చిత్రాల్లో, కోర్టు హాళ్లలో, కళాశాలల గోడల మీద వేలాడే నిలువెత్తు పటాల్లో ముఖం జానెడే. మిగతాదంతా పట్టు, జరీ, పతకాలు, కుర్చీ, తెర. నేర్చుకునేవారు జరీ అనగానే బంగారు రంగు కోసం వెతుకుతారు. బంగారు రంగు పూస్తే అది పెళ్లిపందిరి అట్టముక్కలా ఉంటుంది. జరీ అంచును దగ్గరగా పరికిస్తే అందులో ముక్కాలు భాగం గోధుమ, ఆకుపచ్చ కలిసిన మురికిచాయే. మడత తిరిగినచోట పసుపుమట్టి. ఆ మడత శిఖరం మీద దాదాపు తెలుపనిపించే లేత పసుపు చుక్కలు నాలుగో ఐదో. అంతే, పదడుగుల దూరం నుంచి గద్వాల చీర మెరిసిపోతుంది. ముత్యం కూడా ఇంతే. బూడిదరంగు చుక్క, కాస్త పక్కన తెల్లని సూదిమొన, అడుగున కంఠం నుంచి తిరిగి పడే వెచ్చని వెలుగు. ఆ అడుగు వెలుగు మరిచిపోతే ముత్యం కాస్తా గోడకు కొట్టిన మేకు తలలా మిగులుతుంది. రవివర్మకు ఇలాంటి పనిలో తమ్ముడు రాజరాజవర్మ తోడుండేవాడు, ముఖ్యంగా వెనక కనిపించే దృశ్యాల్లో. యూరప్‌లోనూ చాలామంది పేరున్నవారు బట్టలు వేయడానికి వేరే మనుషులను పెట్టుకున్నారు. సాయం తీసుకోవడంలో దోషం లేదు. అయితే చేతులను మాత్రం ఇంకొకరికి వదలకూడదని ఈ రచయిత పట్టుదల. ముఖం సర్దుకుని కూర్చోవడం అందరికీ వచ్చు. చేతులు సర్దుకోవడం చాలామందికి రాదు. అవి మనిషి గుట్టు బయటపెడతాయి.

ఇక ఫొటో సంగతి. ఈ రోజుల్లో మన దగ్గర రూపచిత్రాల్లో ఎక్కువ భాగం ఫొటో చూసి వేసేవే, అందులోనూ పాస్‌పోర్ట్ సైజుది పెద్దది చేయించి. పోయినవారి బొమ్మకు మరో దారి లేదు. రవివర్మ కూడా ఫొటోలు వాడుకున్నవాడే. చిక్కెక్కడంటే, నేర్చుకోవడమే ఫొటోతో మొదలుపెట్టడం. దగ్గర నుంచి తీసిన ఫోనుబొమ్మ ముక్కును పెద్దది చేసి చెవులను వెనక్కి నెడుతుంది. నీడల్లో మన కంటికి కనిపించే ఎర్రటి, ఆకుపచ్చటి చాయలు అందులో ఒట్టి నలుపుగా మూసుకుపోతాయి. పైగా కెమెరా ఒకే కంటితో చూస్తుంది, మనం రెండింటితో. అన్నిటికీ మించి, ఫొటోలోని మనిషికి విసుగు పుట్టదు. ఎదుట కూర్చున్న నాయనమ్మ పావుగంటకు భుజం జారవిడుస్తుంది, అరగంటకు కునుకు తీస్తుంది, పాలవాడు వచ్చాడని లేచిపోతుంది. తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు తల ఇందాకటి వైపు ఉండదు. ఈ కదలికలన్నిట్లోంచి ఆమెది అనదగిన ఒక్క తీరును ఏరుకోవాలి. ఫొటో ఆ ఏరుకునే పని ముందే చేసేసి, అది కూడా రెప్పపాటులో ఎలా పడితే అలా చేసి ఇస్తుంది. ఒక మీట నొక్కితే ఫొటోను ‘ఆయిల్ పెయింటింగ్’గా మార్చి ఇచ్చే ఫోను యాప్‌ల మీద కోపం అనవసరం. వాటికి కుంచె జాడలు తెలుసు, ఆరడం తెలియదు.

ఉన్నదున్నట్టు వేయడం పాత పద్ధతి, అందులో కళ ఏముందని అడిగేవారు వందేళ్ల కిందటా ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంగాల్ చిత్రకారులు రవివర్మ మార్గాన్ని పరదేశపు అనుకరణ అని తోసిపుచ్చారు. మన రాజమండ్రి దామెర్ల రామారావు ఆ వాదాల నడుమ పెరిగినవాడే. ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్‌కు వెళ్లి, అక్కడ ఎదుటి మనిషిని చూసి గీసే సాధన చేసి, తిరిగివచ్చి తనదైన ఆంధ్ర శైలిని పట్టుకున్నాడు. 1925లో మశూచికి బలైపోయేనాటికి నిండా ఇరవై ఎనిమిదేళ్లు లేవు. రాజమండ్రిలో ఆయన పేరున ఉన్న చిత్రశాలకు వెళితే శైలి ఎంత మారినా ఆ మనుషుల మెడలు, మోచేతులు ఎంత నమ్మకంగా నిలబడ్డాయో కనిపిస్తుంది. ఒంటిని చూసి గీయడం నేర్చిన చేతికే అది సాధ్యం.

ఇంటిపట్టున నేర్చుకునేవారికి ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆరుతూ వేడిని పుట్టిస్తాయి, కుప్పగా ఉంటే వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, విడివిడిగా ఆరుబయట పరచాలి. బొమ్మను బీరువా వెనక చీకట్లో దాచకూడదు. చీకట్లో నూనె పసుపెక్కుతుంది. వెలుగులోకి తెస్తే ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది కూడా. వానాకాలంలో గాలి ఆడని గదిలో పెడితే ఆరడం మందగించి, కాన్వాసు వెనక బూజు పడుతుంది.

పూర్తయిన బొమ్మకు చివరగా వార్నిష్ వేయాలి. వెంటనే కాదు. కింది పొరలు గట్టిపడటానికి ఆరు నెలలైనా ఆగాలి, మందంగా వేస్తే ఏడాది. ఆవిష్కరణ ముహూర్తం మాత్రం రంగు చేతికి అంటే స్థితిలోనే వచ్చేస్తుంది. దండ బొమ్మకు తగలకుండా చూసుకోవడమే ఆ రోజుకు చిత్రకారుడి పని. ఏడాది తర్వాత వచ్చి వార్నిష్ వేసి వెళతానని కమిటీవారికి చెప్పి వస్తాడు. వారూ తల ఊపుతారు. ఏడాది గడిచి, సీసా, వెడల్పాటి కుంచె సంచిలో పెట్టుకుని వెళ్లేసరికి కమిటీ మారిపోయి ఉంటుంది. కొత్త కార్యదర్శి ఆయన్ని కూర్చోమని, బాకీ ఏమైనా ఉందేమోనని పాత రసీదుల ఫైలు తెప్పిస్తాడు.